గొంతు లేస్తే మాత్ర

మా అక్క నోటికి జడిసి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాడు కూడా మా గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు కాకుండా నడిచేవాడు. నేను ఆమెకు ఒక్కగానొక్క చెల్లెలిని. మా ఇద్దరికీ ఏనాడూ పడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఆ వేసవిలో అక్క కోసం నేను పోట్లాడిందంతా ప్రేమ పొంగిపోయి చేశాననుకుంటారు. అలాంటిదేం లేదు.

మాది కుట్టుపని. కింద హాల్లో వరసగా మిషన్లు, గోడ పొడవునా కటింగ్ బల్ల, మూల ఇస్త్రీ బల్ల. వెనక రెండు గదుల్లో అక్క, బావ, వాళ్ళ కూతురు. మేడ మీది ఒంటిగదిలో నేను, మొగుడితో కుదరక పెట్టె సర్దుకుని వచ్చేసినప్పటి నుంచి. మేం కుట్టేది బడిపిల్లల యూనిఫారాలు. ఏడాదిలో మిగతా రోజులు ఎలా గడిచినా, బడులు తెరిచే ముందు వేసవి మాత్రం ఊపిరి సలపనివ్వదు. అక్క బట్ట కత్తిరిస్తుంది. నేనూ ఇంకొందరు ఆడవాళ్ళూ కుడతాం. బావ బడులకు తిరిగి కొలతలు తెస్తాడు, సరుకు అప్పజెబుతాడు, అక్క తిట్టిపోసిన వాళ్ళందరినీ వెనకే వెళ్ళి బుజ్జగించి వస్తాడు. ఇల్లు అలా నడిచేది.

ఆ ఏడు వేసవి మొదట్లో అక్క బట్టల థాను భుజాన వేసుకుని మెట్లు దిగుతూ జారిపడింది. నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. నొప్పికి మాత్రలు రాసిన డాక్టరమ్మ, ఇవి గట్టి మందులు, వేళ తప్పకుండా వెయ్యాలి, నొప్పి తగ్గేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి, నెల తిరక్కుండా నాకు చూపించాలి అని చెప్పిందట. ఆ మాటలు విన్నది బావ ఒక్కడే. అక్కకు అప్పుడు ఏదీ తలకెక్కే స్థితి లేదు. నేను కింద మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉన్నాను.

ఇంటికి తెచ్చాక హాల్లోనే వాలుకుర్చీ వేసి, దిండ్లు ఆన్చి కూర్చోబెట్టాం. మొదటి రోజుల్లో ఆ మాత్రే మమ్మల్ని కాపాడింది. అది లేనిదే అక్క పక్కకు ఒత్తిగిల్లలేకపోయేది. అందుకని మందును నేనేం తప్పు పట్టను.

తేడా ముందు కనిపెట్టింది కాజాలామె. చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టే ముసలావిడ, అక్క చేత తిట్లు తినడంలో మా అందరికన్నా సీనియరు. ఓ రోజు టీ తాగుతూ నా చెవి దగ్గరికి వచ్చింది.

"మీ అక్క నన్నివాళ బాగున్నావా అని అడిగిందమ్మా. జబ్బేమన్నా ముదిరిందేమో ఓసారి చూపించండి."

అప్పుడు నవ్వాను. ఆ సాయంత్రమే నేను కుట్టిన కాలరొకటి ఓ పక్కకు తేలింది. రెండు కొనలూ కలవలేదు. మునుపైతే ఆ చొక్కా నా మొహాన పడేది. తీసుకెళ్ళి అక్క చేతికిచ్చాను, ఎలాగూ పడే తిట్లేవో ఇప్పుడే పడిపోతే మంచిదని. అక్క దాన్ని వేళ్ళతో నిమిరింది.

"బాగానే ఉంది."

"ఎక్కడ బాగుంది? కళ్ళు కనపడటం లేదా?"

"తొడుక్కునేది పిల్లలే కదా. పోనీలే."

పోనీలే అనే మాట అక్క నోట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తిట్టలేదన్న సంతోషం కలగాలి కదా, నాకు ఒళ్ళు మండింది. మనిషిని పట్టించుకోనప్పుడే కదా ఆ మనిషి పనినీ పట్టించుకోం.

ఇల్లు చల్లబడిపోయింది. మిషన్లు ఆగితే గోడగడియారం చప్పుడు వినిపించేది. బావ ఆ చప్పుడును కూడా మెచ్చుకున్నాడు. భోజనం నిదానంగా, రెండోసారి వడ్డించుకుని తినడం మొదలుపెట్టాడు. సాయంత్రం అక్క పక్కన స్టూలు వేసుకుని టీ తాగేవాడు. కూనిరాగాలు తీసేవాడు. "మీ అక్కకు ఇన్నాళ్ళకు మనసు కుదుటపడింది," అన్నాడు నాతో. ఆమెకు విరిగింది నడుమని మర్చిపోయినట్టున్నాడు.

మాత్ర బలం దిగే వేళకు మాత్రం ఆ చల్లదనం పోయేది. అక్క వేళ్ళు చీర అంచును నలపడం మొదలుపెట్టేవి. మూల కూర్చున్న ఇద్దరు నవ్వుకుంటే తనను చూసే నవ్వారనేది. తన కత్తెర ఎవరో దాచేశారనేది, కత్తెర ఒళ్ళోనే ఉండేది. ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకునేది, ఎందుకంటే చెప్పలేకపోయేది. అప్పుడు బావ చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, మంచినీళ్ళ గ్లాసుతో వచ్చేవాడు. కాసేపట్లో అక్క మొహం మళ్ళీ ఉతికి ఇస్త్రీ చేసినట్టు నున్నగా అయ్యేది. మొదట అది వేళకే జరిగేది.

ఓ మధ్యాహ్నం బావ బయటి నుంచి వచ్చి, కొత్త బడి ఒకటి పనంతా మనకే ఇచ్చేసింది, బడులు తెరిచేలోగా అందరి బట్టలూ ఇస్తామని ఒప్పుకున్నాను అని చెప్పాడు. ఉన్న పనే తెమలడం లేదు. కత్తిరించే మనిషి కుర్చీలో ఉంది. అక్క తలెత్తింది.

"ఎవరినడిగి ఒప్పుకున్నారు?"

ఆ గొంతు మా అక్కది. బావను ఎంత తిట్టినా మీరు అనే తిట్టేది, ఆ మర్యాదలోనే సగం దెబ్బ ఉండేది.

"కత్తిరించేది మీరా? కుట్టేది మీరా? నోటికొచ్చినట్టు మాటిచ్చి వచ్చేస్తే రేపు వాళ్ళ గుమ్మంలో తలదించుకు నిలబడేదెవరండీ?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. అడిగిందాంట్లో తప్పు పట్టడానికేం లేదు. "నొప్పి ఎక్కువైనట్టుంది," అంటూ బావ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. జేబులోంచి అట్ట తీశాడు. అక్క మాత్ర వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మింగేసింది. కొంతసేపటికి కొత్త బడి గౌన్ల రంగేమిటని తనే నవ్వుతూ అడిగింది.

అక్కకు ఆ వేళ నొప్పి లేదు. కోపం ఉంది.

గుమ్మం దగ్గర బావను ఆపాను. "మాత్రకు ఇంకా వేళ కాలేదు కదా."

"నొప్పికి వేళేంటి?"

"నొప్పి అని ఆమె అనలేదు."

"పక్కన పడుకునేవాణ్ణి నేను. నాకు తెలీదా?" అని నా భుజం పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నేను గమనిస్తూ వచ్చాను. అక్క గొంతు లేస్తే మాత్ర. పాల మనిషి మీద లేచినా మాత్రే. మందుల కొట్టువాడు బావకు తెలిసినవాడు, పాత చీటీ మీదే ఇచ్చేస్తున్నాడు.

వాళ్ళ కూతుర్ని అందరం గుండీ అనేవాళ్ళం. పసిపిల్లగా ఉన్నప్పుడు చొక్కా గుండీ మింగేసి అందరి గుండెలూ ఆపేసింది, అప్పుడు పడిన పేరు. అక్క దాన్నీ తిట్టేది. కానీ తిడుతూనే జడ వేసేది, తిడుతూనే ఒళ్ళోకి లాక్కునేది. ఆ వేసవి గుండీ కుర్చీ చుట్టూ పిల్లిపిల్లలా తిరిగింది. బొమ్మ గీసి చూపిస్తే అక్క ఊ అంది. పక్కింటి పిల్ల కొట్టిందని చెబితే ఊ అంది. ఓ రోజు కావాలనే ఇంకు సీసా ఒలకబోసింది. అక్క ఆ మరక వైపు చూసి కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. నేను ఇస్త్రీ బల్ల దగ్గరున్నాను. గుండీ ఖాళీ మిషను ముందు కూర్చుంది. మిషను ముట్టుకోకూడదని ఆ ఇంట్లో దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆంక్ష.

"అమ్మా, చూడు. నేను కుడుతున్నా," అంది తల్లి వైపే చూస్తూ.

నేను చేతిలో ఇస్త్రీపెట్టె దించేలోగా మోటారు మోగింది. అక్క కేకేస్తుందని అది ఎదురుచూసింది. అక్క చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. గుండీ పెడలు ఇంకాస్త గట్టిగా తొక్కింది. చూపు తల్లి మీదే ఉంది. సూది చూపుడువేలి గోటిలోంచి దిగిపోయింది.

దాని అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. పరిగెత్తి స్విచ్చి ఆపాను. చక్రం చేత్తో తిప్పి సూదిని పైకి లేపి వేలు విడిపించాను. తెల్లబట్ట ఎర్రబడింది. అక్క మాకు ఎదురుగా, మూడు బారల దూరంలో ఉంది.

"కుళాయి కింద పెట్టు," అంది. బస్సు వెళ్ళిపోయింది అని చెప్పినంత మామూలుగా. "దూది బీరువాలో ఉంది."

గుండీ ఏడుపు ఆపేసింది. రక్తం కారుతున్న వేలు రెండో చేత్తో పట్టుకుని తల్లి మొహంలోకి చూసింది. ఏం వెతికిందో, దొరకలేదు. అది ఇంకా గట్టిగా ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది.

"నువ్వసలు మనిషివేనా?" అన్నాను అక్కతో.

"చిన్న దెబ్బేలే," అంది.

కట్టు కట్టించుకొచ్చాక గుండీ దుప్పటి తీసుకుని మేడ మీద నా గదికి వచ్చేసింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు.

మర్నాడు పొద్దున, మాత్ర వేళకు ముందు, అక్క తల దువ్వుతున్నాను. ప్రేమతో కాదు, నడుం పట్టేసి చేతులు పైకి ఎత్తలేదు కనక. బావ సరుకు తీసుకుని వెళ్ళాడు.

"నిన్న అది అరిచింది కదా," అంది అక్క.

"వీధంతా వినపడింది. నీకు తప్ప."

"నాకూ వినపడింది. రక్తం కనపడింది. లేవాలని తెలుసు, దాన్ని దగ్గరికి తీసుకోవాలని తెలుసు. ఎదురింటి వాళ్ళ పిల్లను కిటికీలోంచి చూస్తున్నట్టనిపించింది. లోపలేదీ కదల్లేదు. కదలడం లేదే అని భయం కూడా వెయ్యలేదు. ఇప్పుడు వేస్తోంది, మాత్ర బలం దిగింది కాబట్టి."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అయినా మెత్తగా మాట్లాడ్డం నాకు చేతకాలేదు. "నీకు ఎవరి మీద కదిలింది గనక?"

"నీ మీద ఎప్పుడూ లేదు. దాని మీద ఉండేది."

చాలా రోజుల తర్వాత ఇంట్లో అక్క మాట విన్నాను. చచ్చిపోలేదు, లోపలెక్కడో ఉంది.

"నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు," అంది. "మీ బావతో చెప్పకు."

"ఏం?"

"చెబితే మంచినీళ్ళు తెస్తారు."

డాక్టరమ్మకు ఆ రోజు జలుబు. రుమాలుతో ముక్కు తుడుచుకుంటూనే అక్కను లేపి నడిపించి చూసింది. పూస బాగానే అతుక్కుంటోందంది. తర్వాత మాత్రల సంగతి అడిగింది. అక్క గుండీ వేలి సంగతి చెప్పింది, పక్కింటి కథ చెబుతున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ రుమాలు కింద పెట్టేసింది.

"ఇది నల్లమందు జాతి మందమ్మా. నొప్పిని బాగా అణుస్తుంది. కొందరికి నొప్పితో పాటే సంతోషం, దుఃఖం, బెంగ, అన్నీ మొద్దుబారతాయి. కొందరికి దిగులు పట్టుకుంటుంది. బలం దిగే వేళకు చిరాకు, అనుమానాలు, ఏడుపు వస్తాయి. అందరికీ ఇలా కాదు. మీకు అయింది. నెలలోపు చూపించమన్నాను, ఎందుకు రాలేదు?"

అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను.

"మాత్ర మీరే వేసుకుంటారా, ఎవరైనా ఇస్తారా?"

"మా ఆయన ఇస్తారు."

"వేళకేనా?"

అక్క తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూసింది. "వేళకూ ఇస్తారు. నేను గట్టిగా మాట్లాడినప్పుడూ ఇస్తారు."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. ఆ మాట అక్క మనసులో ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు తెలీదు. బయటికి వచ్చింది అప్పుడే.

"ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు తిరగబడుతుంది," అంది డాక్టరమ్మ నా వైపు తిరిగి. "కొంచెం కొంచెం తగ్గిద్దాం. ఇకనుంచి మాత్రలు మీ దగ్గర ఉంచండి. నిద్ర పట్టదు, కోపాలొస్తాయి, ఏడుస్తుంది, అనకూడని మాటలంటుంది. మీరు ఓపిక పట్టాలి."

"మా ఇంట్లో ఆ సరుకు దొరకదండీ," అన్నాను.

ఆమె నవ్వలేదు. అక్క ముక్కుతో చిన్న చప్పుడు చేసింది.

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక బావ ముందు నిలబడ్డాను. "జేబులో ఉన్నది ఇటివ్వు బావా."

ఆయనకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు చెప్పకుండా తీసుకెళ్ళావు."

"నెలలోపు చూపించమన్నారని నువ్వు మాకు చెప్పావా?"

బావ చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి కింద మచ్చ చూపించాడు. "ఇది ఎవరి కత్తెరో నీకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి భోజనం ముందు కూర్చుంటే నా భుజాలు బిగుసుకుపోయేవి, ఏ మాట వచ్చి పడుతుందోనని. బయట ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే మగాడివేనా అంటారు. ఈ వేసవిలో మొదటిసారి నా పెళ్ళాం పక్కన కూర్చుని టీ తాగాను. అది నేరమా?"

ఆ మచ్చ అబద్ధం కాదు. ఆయన అన్నదాంట్లో ఏదీ అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

"నువ్వు వదిలెయ్యొచ్చు, వెళ్ళిపోవచ్చు, తిరిగి తిట్టొచ్చు. నేను మొగుణ్ణి వదిలి రాలేదా? మనిషిని మాత్రలేసి కూర్చోబెట్టడమేంటి? కూతురి వేలు సూది కింద పడ్డా కదలని మనిషి పక్కన నీకు టీ ఎలా దిగింది బావా?"

అట్ట తీసి కటింగ్ బల్ల మీదికి విసిరేశాడు. "తీసుకో. రేపటి నుంచి ఆ నోరు నువ్వే భరించు."

భరించడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. డాక్టరు చెప్పినట్టే సగం మాత్ర, తర్వాత ఇంకాస్త తక్కువ. మధ్యలో అక్కకు ఒళ్ళంతా వణుకు, కడుపులో మెలిపెట్టడం మొదలైతే ఓ వారం తగ్గించకుండా అంతే ఇవ్వమంది డాక్టరమ్మ. నొప్పి కూడా ఉండేది, అది నాటకం కాదు. వేడినీళ్ళ సంచీ పెట్టేదాన్ని, చేయి పట్టుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేదాన్ని. ఆ నడకంతా తిట్లే.

"మొగుడి దగ్గర నిలవలేనిదానివి, నా ఇంట్లో నీకు పెత్తనమా?"

"నీ మొగుడు నిన్ను జోకొట్టి నిలుపుకున్నాడు. నా మొగుడికి ఆ తెలివి లేదు," అనేదాన్ని.

కాజాలామె చెవుల్లో దూది పెట్టుకుని కుట్టింది. బావా నేనూ మాటలు మానేశాం. ఏదైనా చెప్పాలంటే ఆమె ద్వారానే. ఆమెకు దూది వల్ల సగమే వినపడేది, అటు చెప్పాల్సింది ఇటు చెప్పేది. ఆ గందరగోళంలో ఓ బడికి నిక్కర్లన్నీ ఒకటే కొలతకు వెళ్ళిపోయాయి.

తిట్లు నాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. బతిమాలడమే తట్టుకోలేకపోయాను. కొన్ని సాయంత్రాలు అక్క నా చెయ్యి పట్టుకుని, "నా బంగారుతల్లివి కదా. ఒక్కటివ్వు. ఒక్కటే. నువ్వు తప్ప నాకెవరున్నారు?" అనేది. జన్మలో నన్ను అంత ముద్దుగా పిలవలేదు. ఇవ్వలేదు. చెయ్యి విడిపించుకుని మేడెక్కి, పిట్టగోడ పట్టుకుని నిలబడేదాన్ని. కింద నుంచి తిట్లు మళ్ళీ మొదలయ్యాక దిగొచ్చేదాన్ని.

గుండీ తల్లి దగ్గరికి వెళ్ళలేదు. బావ రాగానే ఆయన వీపెక్కేది. అక్క పిలిస్తే కట్టున్న వేలు వెనక్కి దాచుకుని గుమ్మంలోనే ఆగిపోయేది. అక్క తిట్టినా అంతే, ఏడ్చినా అంతే. ఏ అమ్మ నిజం అమ్మో అది తేల్చుకోలేకపోయింది. పిల్లను ఏమనగలం? నేనే తేల్చుకోలేకపోయాను.

బట్టలు నేనే కత్తిరించాను. బావ మాటిచ్చి వచ్చిన కొత్త బడి విసిగిపోయి వేరేవాళ్ళకు ఇచ్చేసింది. మిగతావి ఎలాగో తెమిలాయి. ఆఖరి మూటలు వెళ్ళిన రోజుకు అక్క మాత్రలు పూర్తిగా మానేసి కొన్నాళ్ళయింది. మొహం పీక్కుపోయింది, కళ్ళ కింద నల్లచారలు. కానీ కళ్ళల్లో మనిషి ఉంది.

ఆ మధ్యాహ్నం కర్ర పట్టుకుని తనే నడిచొచ్చి భోజనాల బల్ల ముందు కూర్చుంది. గుండీ పక్కింట్లో ఆడుకుంటోంది. నేను వడ్డించాను. బావ నాలుగు ముద్దలు తిన్నాక అక్క అడిగింది.

"ఆ మాత్రలు మీరు నొప్పికిచ్చారా, నోటికిచ్చారా?"

గొంతు పెంచలేదు. అందుకే బావ తప్పించుకోలేకపోయాడు. కంచంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"మొదట నొప్పికే," అన్నాడు.

అక్క తలూపింది. "నిజం చెప్పారు. కానివ్వండి, భోజనం చెయ్యండి," అంది. గిన్నె దగ్గరికి జరుపుకుని తనే ఆయనకు మళ్ళీ వడ్డించింది. ముగ్గురం చప్పుడు చెయ్యకుండా తిన్నాం. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆగింది.

"కొన్నాళ్ళు మీ అన్నగారింట్లో ఉండండి. ఎన్నాళ్ళో నాకూ తెలీదు. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. మీరు దానికి భయపడి బతికారంటే అదీ ఒప్పుకుంటాను. కానీ మీ చేతి మంచినీళ్ళు మాత్రం ఇక నాకు గొంతు దిగవు."

బావ వాదించలేదు. "నేనూ అలిసిపోయాను," అని రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన ఇప్పటికీ వాళ్ళన్న ఇంట్లోనే ఉన్నాడు. బడుల పనులు ఆయనే చూస్తాడు, గుండీని బయటికి తీసుకెళతాడు. ఓసారి మూటలు ఎత్తుతుంటే అక్క ఆయన మోచెయ్యి చూసి, "అది నా తప్పే," అంది. "అవును," అన్నాడు ఆయన. మూట బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యా అంతకన్నా మాటలు నేను వినలేదు.

ఆ రోజు మధ్యాహ్నానికే వస్తాను. బావ వెళ్ళిన కాసేపటికి గుండీ ఆడుకుని వచ్చింది. కొక్కేనికి తండ్రి సంచీ లేదని వెంటనే చూసింది.

"నాన్నేడి?"

నేను ఏదో కల్పించి చెప్పబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నేను పంపించాను. పెదనాన్న వాళ్ళింటికి."

గుండీ మొహం కందిపోయింది. "నువ్వే పోవాల్సింది," అంది. "నువ్వు పోతే నేనూ నాన్నా ఉండేవాళ్ళం. నువ్వెందుకు?"

అక్క తిడుతుందనుకున్నాను. కర్ర పక్కకు జారిపోయింది. బల్ల అంచు పట్టుకుని, డాక్టరు వద్దన్న పనే చేసింది, మెల్లగా నేల మీదికి కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. హాలంతా వినపడేలా, ముక్కు కారుతూ, సిగ్గు లేకుండా ఏడ్చింది. పిల్ల విసిరిన మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అది నేను నా కళ్ళతో చూశాను.

గుండీ భయపడి నా వైపు చూసింది. నేను కదల్లేదు. ఏడుస్తున్న అక్కను చూసి చెల్లెలు సంతోషించిందంటే నన్ను ఏమనుకుంటారో తెలుసు. అనుకోండి. ఆ వేసవి అంతటిలో నేను సంతోషించింది అప్పుడే.

కొంతసేపటికి అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. తలెత్తి నా వైపు గుడ్లురిమింది.

"నడుం విరిగినదాన్ని నేల మీద కూర్చుంటే, దిష్టిబొమ్మలా చూస్తూ నిలబడతావేమే? వచ్చి లేపు."

వెళ్ళి ఓ రెక్క పట్టుకున్నాను. బరువుగా ఉంది, ఒక్కదాని వల్ల కాలేదు. గుండీ కాసేపు గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత వచ్చి రెండో రెక్క పట్టుకుంది, మొహం అటు తిప్పుకునే పట్టుకుంది.